రెండు చుక్కలు కనబడితే అవి రెండు క్వేజార్లు కావని ఎలా నమ్మాలి?

రోదసి_పాఠకుడు
సుదూర క్వేజార్ల (కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు వల్ల మిక్కిలి ప్రకాశించే గెలాక్సీ కేంద్రాల) కాంతి దారిలో ఉన్న గెలాక్సీల గురుత్వాకర్షణకు వంగి, ఒకే క్వేజార్ మనకు రెండుగానో నాలుగుగానో కనిపిస్తుందని చదివిన ప్రతిచోటా అదేదో ఎప్పుడో తేలిపోయిన సంగతి అన్నట్టు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతున్నారు. నాకు రెండు చోట్ల అడ్డం తగులుతోంది. మొదటిది, కాంతికి ద్రవ్యరాశి లేనప్పుడు గెలాక్సీ దాన్ని ఎలా లాగగలదు? రెండోది నన్ను ఇంకా ఎక్కువగా తొలుస్తున్నది: ఆకాశంలో పక్కపక్కన రెండు చుక్కలు కనబడితే, అవి నిజంగానే పక్కపక్కన ఉన్న రెండు వేరువేరు క్వేజార్లు కావని ఏ ఆధారంతో చెబుతున్నారు? వర్ణపటాలు ఒకేలా ఉన్నాయన్న జవాబు నాకు చాలడం లేదు, ఎందుకంటే క్వేజార్ల వర్ణపటాలు చాలావరకు ఒకదాన్ని ఒకటి పోలే ఉంటాయి. విషయం తెలిసినవారు కాస్త ఓపికగా వివరించాలని కోరుతున్నాను.

లెక్కలమాస్టారు
మొదటి ప్రశ్నకు సగం జవాబు న్యూటన్ లెక్కలోనే దొరుకుతుంది. గురుత్వాకర్షణకు లోబడి పడే వస్తువు త్వరణం ఆ వస్తువు ద్రవ్యరాశి మీద ఆధారపడదు. అందుచేత కాంతిని అతివేగంగా పోయే రేణువుగా భావిస్తే, అది కూడా మిగతా వస్తువుల్లాగే పక్కకు ఒరగాలి. జర్మన్ ఖగోళవేత్త సోల్డ్‌నర్ 1801లోనే ఈ లెక్క వేశాడు. సూర్యుడి అంచును ఒరుసుకుంటూ వచ్చే కిరణానికి ఆ పద్ధతిలో సుమారు 0.87 ఆర్క్ సెకన్ల వంపు వస్తుంది. ఆర్క్ సెకను అంటే ఒక డిగ్రీలో 3600వ వంతు. 1915లో సాధారణ సాపేక్ష సిద్ధాంతం పూర్తయ్యాక ఐన్‌స్టీన్‌కు అదే కిరణానికి 1.75 ఆర్క్ సెకన్లు, అంటే రెండింతలు వచ్చింది. ఆయన సిద్ధాంతంలో భారమైన వస్తువు దగ్గర గడియారాల నడక మారడం వల్ల ఒక సగం, స్థలమే వంగి ఉండడం వల్ల మరో సగం వస్తాయి. మెల్లగా కదిలే వస్తువులకు రెండో సగం లెక్కలోకి రానంత చిన్నది, కాంతికి మాత్రం రెండూ సమానం. 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో ప్రిన్సిపె దీవి నుంచీ బ్రెజిల్‌లోని సోబ్రాల్ నుంచీ తీసిన ఫొటో ఫలకాలు ఈ రెండింతల అంకెనే సమర్థించాయి.

ధ్రువ_77
1919 నాటి ఫలకాల మీద అంత భారం మోపడం నాకు సమ్మతం కాదు. గ్రహణం ఉన్న కొద్ది నిమిషాల్లో, మబ్బుల మధ్య, ఎండకు అద్దాలు వేడెక్కి దృష్టికేంద్రం చెదిరిన పరికరాలతో తీసిన కొలతలవి. అవి న్యూటన్ అంకెకూ ఐన్‌స్టీన్ అంకెకూ మధ్య తీర్పు చెప్పగలిగాయేమో గానీ, అంతకు మించిన ఖచ్చితత్వం వాటికి లేదు.

వర్ణపటం
ధ్రువ గారి అభ్యంతరం సబబే. అయితే ఆ తర్వాత గ్రహణంతో అవసరమే లేకుండా పోయింది, అందుకు కారణం క్వేజార్లే. 3సి 279 అనే క్వేజార్‌కు అడ్డంగా ఏటా అక్టోబరు 8 ప్రాంతంలో సూర్యుడు వస్తాడు. దాని పక్కనే, ఆకాశంలో సుమారు 10 డిగ్రీల ఎడంలో, 3సి 273 అనే మరో క్వేజార్ ఉంటుంది. రేడియో తరంగాలకు పగటి వెలుతురు అడ్డు కాదు కనుక, సూర్యుడు దగ్గరవుతున్న కొద్దీ ఈ రెండింటి మధ్య కోణం ఎలా మారుతోందో రోజూ కొలవవచ్చు. 1969లో కాలిఫోర్నియాలో ఈ పని మొదలైంది. అప్పటి నుంచి పద్ధతులు మెరుగుపడుతూ వచ్చి, ఖండాల దూరంలో ఉన్న రేడియో టెలిస్కోపులను జోడించి చేసిన కొలతలు ఐన్‌స్టీన్ అంకెతో వెయ్యింట ఒక వంతు కంటే దగ్గరగా సరిపోయాయి.

రోదసి_పాఠకుడు
సూర్యుడి చుట్టూ వేడి వాయువు ఉంది కదా? రేడియో తరంగాలు అందులో వక్రీభవనం చెంది వంగితే, దాన్ని గురుత్వాకర్షణ ఖాతాలో వేసే ప్రమాదం లేదా?

వర్ణపటం
ఉంది, కొలిచినవారు మొదట జాగ్రత్తపడింది దాని గురించే. సూర్యుడి చుట్టూ ఉన్న ఆ వేడి పొర, కరోనాలోని వాయువు కలిగించే వంపు తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది: తరంగం పొడవైన కొద్దీ వంపు పెరుగుతుంది. గురుత్వం కలిగించే వంపు అన్ని తరంగదైర్ఘ్యాలకూ ఒక్కటే. అందువల్ల రెండు వేరువేరు పౌనఃపున్యాల్లో ఒకేసారి కొలిస్తే వాయువు వాటాను విడదీసి పక్కన పెట్టవచ్చు. క్వేజార్ ప్రతిబింబాల విషయంలోనూ ఇదే గీటురాయి. మధ్యలో ఉన్నది గాజు కటకం వంటిదైతే నీలం ఒకచోట, ఎరుపు ఒకచోట పడేవి. గురుత్వ కటకంలో కనిపించే కాంతికీ రేడియోకూ ప్రతిబింబాలు ఒకే స్థానాల్లో ఉంటాయి.

తర్కవాది
కాంతి వంగుతుందన్న మాటనే నేను ఒప్పుకోను. వంపు తిరిగిన స్థలకాలంలో కాంతి తనకు సాధ్యమైనంత తిన్నని దారిలోనే పోతుంది. వంగింది దారి కాదు, దారి ఉన్న చోటు. కిరణాన్ని ఎవరో లాగుతున్నారన్నట్టు చెప్పడం వల్లనే ద్రవ్యరాశి లేనిదాన్ని ఎలా లాగుతారన్న ప్రశ్న పుడుతోంది.

కటకధారి
తర్కవాది గారు చెప్పినది సిద్ధాంతపరంగా నిజమే గానీ, టెలిస్కోపు దగ్గర కూర్చున్నవారికి కావలసింది కోణం. సూత్రం చాలా చిన్నది: ద్రవ్యరాశి రెట్టింపైతే వంపు రెట్టింపవుతుంది, కేంద్రం నుంచి కిరణం పోయే ఎడం రెట్టింపైతే వంపు సగమవుతుంది. సూర్యుడికి పదివేల కోట్ల రెట్ల ద్రవ్యరాశి ఒకచోట ఉందనీ, దాని కేంద్రానికి 16 వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి కిరణం వెళ్లిందనీ అనుకోండి. వంపు సుమారు 0.8 ఆర్క్ సెకను వస్తుంది. గెలాక్సీ అంత పెద్దదైనా వంపు సూర్యుడి అంచు దగ్గర వచ్చే వంపులో సగానికి కూడా రావడం లేదని గమనించండి. అంత చిన్న కోణమైనా, ఆ గెలాక్సీ నుంచి మన దాకా వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరం ఉండడం వల్ల, వేరువేరు వైపుల నుంచి బయలుదేరిన కిరణాలు చివరికి మన దగ్గర కలుసుకోగలుగుతాయి.

ఇంకొక మాట. దీన్ని కటకం అంటున్నాం గానీ భూతద్దంతో దీనికి పోలిక లేదు. భూతద్దంలో అంచుకు పోయే కొద్దీ వంపు పెరుగుతుంది, అందుకే కిరణాలన్నీ ఒకే బిందువుకు చేరతాయి. ఇక్కడ కేంద్రానికి దగ్గరైన కొద్దీ వంపు ఎక్కువ. కాడ ఉన్న గాజు గ్లాసును కాడ తెగిన చోట పట్టుకుని, దాని అడుగు పళ్లెంలోంచి ఒక చుక్కను చూస్తే అది ఒకచోట వలయంగా, కొద్దిగా జరిపితే రెండు వంకలుగా, ఇంకాస్త వాలిస్తే నాలుగు మచ్చలుగా కనిపిస్తుంది. క్వేజార్ల ప్రతిబింబాల్లో మనం చూసే ఆకారాలు సరిగ్గా ఇవే. మూలం, గెలాక్సీ, మనం ఒకే వరుసలో ఉండి గెలాక్సీ గుండ్రంగా ఉంటే వలయం రావాలి. అటువంటి వలయం మొదటిసారి 1988లో ఎంజి 1131+0456 అనే రేడియో మూలంలో వెల్లడైంది.

రోదసి_పాఠకుడు
మొదటి ప్రశ్న వరకు నాకు తృప్తిగా ఉంది. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అనంత_ఆర్
చరిత్ర చెబుతాను, వాదన తర్వాతివారు చేయవచ్చు. నక్షత్రం కటకంగా పనిచేయడాన్ని ఐన్‌స్టీన్ 1936లో లెక్కగట్టి, దాన్ని ఆకాశంలో చూడగలమన్న ఆశ లేదని రాశాడు. మరుసటి ఏడాదే ఫ్రిట్జ్ జ్వికీ, నక్షత్రాలను వదిలి గెలాక్సీలను చూడండి, అవి తప్పక కటకాలుగా దొరుకుతాయని వాదించాడు. 1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 ఎంత దూరంలో ఉందో కనిపెట్టడంతో, అంత దూరం నుంచి కూడా ప్రకాశవంతంగా కనిపించే బిందువుల వంటి మూలాలు చేతికొచ్చాయి. 1979లో వాల్ష్, కార్స్‌వెల్, వైమన్ అనే ముగ్గురు కిట్ పీక్ మీది 2.1 మీటర్ల టెలిస్కోపుతో, సప్తర్షి మండలంలో 6 ఆర్క్ సెకన్ల ఎడంతో ఉన్న రెండు నీలి చుక్కల (వీటిని ఎ, బి అంటారు) వర్ణపటాలు తీశారు. రెండింటి రెడ్‌షిఫ్ట్ (దూరాన్ని సూచించే, కాంతి ఎరుపు వైపు జరిగిన కొలత) 1.4, రెండింటిలోనూ అవే గీతలు. క్యూ 0957+561 జంట క్వేజార్ కథ అలా మొదలైంది.

తర్కవాది
అక్కడే ఆగిపోతే రోదసి గారి సందేహం పూర్తిగా న్యాయమైనదే. నిజమైన జంట క్వేజార్లు ఉన్నాయి. రెండు గెలాక్సీలు ఢీకొనే సమయంలో రెండింటి కేంద్రాల్లోని కృష్ణబిలాలూ ఒకేసారి వెలగవచ్చు, అప్పుడు రెడ్‌షిఫ్ట్ కూడా ఇంచుమించు ఒకటే అవుతుంది. పైగా 0957 విషయంలో అప్పట్లో తీసిన రేడియో పటంలో ఎ చుక్క వైపు జెట్ (క్వేజార్ కేంద్రం నుంచి ఎగజిమ్మే పదార్థపు ధార) కనిపించింది గానీ, బి చుక్క వైపు దానికి జత కనిపించలేదు. ఒకే వస్తువుకు రెండు ప్రతిబింబాలైతే రెండో జెట్ ఏమైందని అప్పటివారు గట్టిగానే అడిగారు.

కటకధారి
అడిగారు, జవాబు కూడా వచ్చింది. కటకం వెనుక ఒక పరిమితమైన ప్రాంతంలో పడిన మూలానికి మాత్రమే ఒకటికి మించి ప్రతిబింబాలు ఏర్పడతాయి. క్వేజార్ నడిబొడ్డు ఆ ప్రాంతంలో ఉంది, పొడవైన జెట్ దాని బయటికి వెళ్లిపోయింది. బయట ఉన్న భాగం ఒకసారే కనిపిస్తుంది. నడిబొడ్డుకు ఆనుకుని ఉన్న సన్నని చిన్న జెట్‌ను చాలా సూక్ష్మంగా చూసినప్పుడు ఎ, బి రెండింటిలోనూ ఒకే నిర్మాణం బయటపడింది. ఈలోగా బి చుక్కకు ఒక ఆర్క్ సెకను ఎడంలో 0.36 రెడ్‌షిఫ్ట్ గల పెద్ద గెలాక్సీ దొరికింది. అది ఒక గెలాక్సీల గుంపులో ఉంది, ఆ గుంపు తోడ్పాటు వల్లనే 6 ఆర్క్ సెకన్లంత ఎడం వచ్చింది.

నిశాచరి
ఈ జంటను నేను పది అంగుళాల అద్దమున్న టెలిస్కోపుతో ఫొటో తీశాను గనుక ఒక మాట చెప్పాలనిపించింది. కంటికి ఆనే అతి మసక నక్షత్రం కంటే ఇవి ఇరవై వేల రెట్లకు అటూ ఇటూగా మసకైనవి. ఎన్‌జీసీ 3079 అనే పక్కకు తిరిగిన గెలాక్సీని ముందు పట్టుకుంటే, అదే చిత్రంలో కొంచెం పైన ఈ జంట వచ్చేస్తుంది. చిత్రాలన్నీ కలిపినప్పుడు మొదట నాకు కనిపించింది సాగిన ఒక గింజ మాత్రమే. గాలి నిలకడగా ఉన్న క్షణాల్లో తీసినవి ఏరి మళ్లీ కలిపితే గింజ మధ్య సన్నని నలుపు గీత తేలి, రెండు చుక్కలు విడివడ్డాయి. మధ్యలో ఉన్న గెలాక్సీ జాడ నా చిత్రంలో లేదు. నన్ను ఆకట్టుకున్నదల్లా ఆ రెండు చుక్కల ప్రకాశం దాదాపు ఒకటిగా ఉండడమే.

రోదసి_పాఠకుడు
నిశాచరి గారి చిత్రం గురించి చదువుతుంటే ఒళ్లు పులకరించింది. అయినా నా ప్రశ్న నిలిచే ఉంది. గెలాక్సీ మధ్యలో ఉంది, వర్ణపటాలు కలిశాయి, చిన్న జెట్లు కలిశాయి. ఇవన్నీ పోలికలే. పోలిక ఎంత బలమైనదైనా కవలలు ఒక్కరే అయిపోరు. ఒకే వస్తువు అని తేల్చే సాక్ష్యం ఏదైనా ఉందా?

లెక్కలమాస్టారు
ఉంది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే.

క్వేజార్ నిలకడగా వెలగదు. దాని కృష్ణబిలం చుట్టూ తిరుగుతున్న వాయువు పళ్లెం ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెలుగుతుంది, ఆ హెచ్చుతగ్గులకు ముందుగా తెలిసే క్రమం ఏదీ లేదు. రెండు ప్రతిబింబాల కాంతీ వేరువేరు దారుల్లో వస్తుంది. ఒక దారి పొడవు ఎక్కువ. అదీగాక గెలాక్సీకి దగ్గరగా, లోతైన గురుత్వంలోంచి వచ్చే కిరణం అక్కడ కొంత కాలం నష్టపోతుంది, దీన్నే షపీరో ఆలస్యం అంటారు. ఈ రెండూ కలిసి ఒక ప్రతిబింబాన్ని మరొకదాని వెనక పడేస్తాయి. కాబట్టి ఎ, బి ఒకే క్వేజార్ అయితే, ఎలో ఈరోజు కనిపించిన హెచ్చుతగ్గు బిలో కొంతకాలం తర్వాత అచ్చు అలాగే మళ్లీ కనిపించాలి. వేరువేరు క్వేజార్లయితే అలా జరిగే అవకాశం లేదు.

0957 విషయంలో ఈ ఆలస్యం ఎంత అన్నదానిపై ఏళ్ల తరబడి వాదన నడిచింది. ఒక వర్గం 415 రోజులకు దగ్గరగా అన్నది, మరొక వర్గం 540 రోజులకు దగ్గరగా అన్నది. ఇద్దరి దగ్గరా అవే రకం కొలతలు, మధ్య మధ్య ఖాళీలతో ఉన్నవి. 1994 డిసెంబరులో ఎ చుక్క ప్రకాశం చప్పున పడిపోయింది. ఇక తీర్పు చెప్పే వంతు బిది: తక్కువ ఆలస్యం నిజమైతే 1996 తొలి నెలల్లో, ఎక్కువ ఆలస్యం నిజమైతే అదే ఏడాది మధ్యలో బి కూడా అలాగే పడిపోవాలి. 1996 ఫిబ్రవరి ప్రాంతంలో బి పడిపోయింది. ఆలస్యం 417 రోజులని తేలింది. దాదాపు 900 కోట్ల ఏళ్లు ప్రయాణించిన కాంతిలో ఏడాది పైచిలుకు తేడాను పట్టుకోవడం, అందులోనూ ఫలానా నెలలో ఫలానాది జరగాలని ముందే చెప్పి అది జరగడం చూడడం, పోలిక అనిపించుకోదు. రోదసి గారు అడిగిన సాక్ష్యం ఇదేనని నా అభిప్రాయం.

ధ్రువ_77
ఈ వివరణ చదివాక మరో ఆధారం వెతకాల్సిన అవసరం నాకు కనబడటం లేదు.

తర్కవాది
నాకు ఒక చిక్కు కనబడుతోంది. అచ్చు అలాగే అన్న మాట అన్నిచోట్లా నిలవదు. ఐన్‌స్టీన్ శిలువ అని పిలిచే క్యూ 2237+0305ను తీసుకోండి. 1985లో జాన్ హుక్రా బృందం కనిపెట్టిన ఈ కటక గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 0.04 కూడా లేదు, దాని కేంద్రం చుట్టూ 1.7 రెడ్‌షిఫ్ట్ క్వేజార్‌కు నాలుగు ప్రతిబింబాలు ఉన్నాయి. కటకం మనకు దగ్గరగా, అమరిక చక్కగా ఉండడంతో అక్కడ ఆలస్యాలు గంటల లెక్కలోనే ఉంటాయి. అయినా నాలుగు చుక్కలూ నెలల తరబడి ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వెలుగుతూ, మసకబారుతూ ఉంటాయి. మాస్టారి గీటురాయి ప్రకారం అవి నాలుగు క్వేజార్లు కావాలి మరి.

కటకధారి
ఆ పొంతన లేనితనానికి కారణం కటక గెలాక్సీలోని నక్షత్రాలు. ఆ నాలుగు కిరణాలూ గెలాక్సీ నడిబొడ్డులోంచి, నక్షత్రాలు కిక్కిరిసి ఉన్న చోటు నుంచి వస్తాయి. ఒక్కొక్క నక్షత్రం కూడా ఒక చిన్న కటకమే. అది విడదీసే కోణం ఆర్క్ సెకనులో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది గనుక ప్రతిబింబం చీలినట్టు మనకు కనిపించదు, ప్రకాశం మాత్రం పెరుగుతుంది, తరుగుతుంది. నక్షత్రాలు కదులుతున్న కొద్దీ ఒక్కో చుక్క దాని దారిని బట్టి మారుతుంది. దీన్ని సూక్ష్మ కటకత్వం అంటారు. మొదటిసారి దీన్ని గుర్తించింది ఈ శిలువలోనే, 1989లో ప్రకటించారు. మాస్టారు చెప్పిన పరీక్ష 0957 వంటి వాటికి బాగా నప్పుతుంది. శిలువకు వేరే ఆధారం ఉంది: నాలుగు చుక్కల వర్ణపటాలూ ఒక్కటే, నాలుగింటి నట్టనడుమ గెలాక్సీ కేంద్రం ఉంది, నాలుగు క్వేజార్లు ఒక గెలాక్సీ వెనుక అలా కూర్చబడే అవకాశం లేనంత తక్కువ.

రోదసి_పాఠకుడు
వర్ణపటం గారు గురుత్వ వంపుకు రంగు తేడా లేదన్నారు. సూక్ష్మ కటకత్వంలో నీలి కాంతి ఎర్ర కాంతి కంటే ఎక్కువగా మారుతుందని ఒకచోట చదివాను. ఈ రెండూ ఎలా పొసుగుతాయి?

వర్ణపటం
రెండూ నిజమే. వంపు అన్ని రంగులకూ ఒక్కటే, రంగులు పుట్టే చోట్లు వేరు. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు పళ్లెంలో లోపలి భాగం ఎక్కువ వేడిగా, నీలంగా ఉంటుంది. బయటి భాగం చల్లబడి ఎరుపు వైపు ఉంటుంది. నక్షత్రం కలిగించే ప్రకాశవృద్ధి చాలా సన్నని గీతల వెంట తీవ్రంగా ఉంటుంది, అందుచేత చిన్న మూలాన్ని ఎక్కువగా పెంచుతుంది, పెద్ద మూలం మీద అది సగటుపడి తగ్గిపోతుంది. ఈ తేడా వల్ల మనకు ఒక గొప్ప మేలు జరిగింది. ఏ రంగు ఎంత మారిందో చూసి, ఏ టెలిస్కోపుకూ నేరుగా కనిపించని ఆ పళ్లెం ఎంత వెడల్పు ఉందో లెక్కగట్టగలుగుతున్నారు. ఎక్స్ కిరణాలు ఇంకా ఎక్కువగా మారతాయి, అవి కృష్ణబిలానికి అతి సమీపం నుంచే వస్తాయని అలాగే తెలిసింది.

అనంత_ఆర్
ఆలస్యాల ప్రసక్తి వచ్చింది గనుక రెఫ్స్‌డాల్ పేరు చెప్పకుండా ఉండలేను. ఒక్క గురుత్వ కటకం కూడా దొరకక ముందే, 1964లో, ఈ నార్వే శాస్త్రవేత్త ఆలస్యాన్ని కొలిస్తే విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో తెలుస్తుందని రాశాడు. కోణాలు మనకు ఆకారాన్నే ఇస్తాయి, ఆలస్యం ఒక్కటే అసలు పొడవును ఇస్తుంది. ఆయన సూపర్‌నోవాను, అంటే పేలిపోయే నక్షత్రాన్ని, ఉదాహరణగా తీసుకున్నాడు. 2014లో ఒక గెలాక్సీల గుంపు వెనుక నాలుగు ప్రతిబింబాలుగా కనిపించిన సూపర్‌నోవాకు ఆయన పేరే పెట్టారు. అది మరోచోట మళ్లీ కనిపిస్తుందని ముందుగా లెక్కగట్టి ఎదురుచూడగా 2015 డిసెంబరులో కనిపించింది.

ధ్రువ_77
అయితే విశ్వం వ్యాకోచించే వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకం గొడవను క్వేజార్లు తీర్చేసినట్టేనా? కటకాల ద్వారా కనిపించే ఆరు క్వేజార్లతో 73.3 వచ్చిందనీ, విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన విశ్వ నేపథ్య వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం చెప్పిన 67.4తో అది సరిపోలేదనీ చదివాను.

లెక్కలమాస్టారు
తీర్చలేదు, ఆ 73.3ను తీర్పుగా తీసుకోవద్దనే నా సలహా. ఆలస్యం నుంచి స్థిరాంకానికి రావాలంటే కటక గెలాక్సీలో ద్రవ్యరాశి కేంద్రం నుంచి బయటికి ఎలా తగ్గుతూ పోతుందో తెలియాలి, అందులో అధికభాగం కనిపించని కృష్ణ పదార్థం. కటకం మీద సమంగా పరచిన ఒక ద్రవ్యరాశి పొరను చేర్చి, మిగతాదాన్ని తగినట్టు సవరిస్తే, ప్రతిబింబాల స్థానాలూ వాటి ప్రకాశాల నిష్పత్తులూ ఏమాత్రం మారవు, స్థిరాంకం మాత్రం మారిపోతుంది. 1985 నుంచి తెలిసిన చిక్కు ఇది. ద్రవ్యరాశి పంపకం గురించి ముందే పెట్టుకున్న ఊహను సడలించి 2020లో మళ్లీ లెక్క వేసినప్పుడు, అనిశ్చితి 2 శాతం నుంచి 8 శాతానికి పెరిగింది. 8 శాతం అనిశ్చితిలో 67 కూడా ఇముడుతుంది, 73 కూడా ఇముడుతుంది.

కటకధారి
మాస్టారు మరీ నిరాశగా చెబుతున్నారని నా అభిప్రాయం. కటక గెలాక్సీలోని నక్షత్రాల వేగాలను కేంద్రం నుంచి బయటి దాకా వేరువేరు చోట్ల కొలిస్తే, ఆ పొర ఉందో లేదో విడిగా తెలుస్తుంది, ఎందుకంటే నక్షత్రాల వేగాన్ని నిర్ణయించేది లోపలున్న అసలు ద్రవ్యరాశి. అంతరిక్షంలోని పెద్ద టెలిస్కోపులు ఇప్పుడు ఆ పని చేయగలవు. 8 శాతం అన్నది పద్ధతికి ఉన్న హద్దు అనుకోవద్దు, కొలతలు చేరే కొద్దీ అది తగ్గుతుంది.

లెక్కలమాస్టారు
తగ్గుతుందనే నేనూ అనుకుంటున్నాను. తగ్గే దాకా ఏ పక్షానికీ గెలుపు రాయవద్దనే నేను అంటున్నది.

నిశాచరి
నాకొక చిన్న సందేహం. ప్రతిబింబాలు ఎప్పుడూ రెండో నాలుగో అంటున్నారు, లెక్క ప్రకారం బేసి సంఖ్యలో రావాలని కూడా అంటారు కదా?

కటకధారి
ద్రవ్యరాశి నునుపుగా పరచుకుని ఉంటే బేసి సంఖ్యే రావాలని బర్క్ 1981లో నిరూపించాడు. మిగిలిన ఆ ఒక్క ప్రతిబింబం గెలాక్సీ కేంద్రంలోంచి వస్తుంది. అక్కడ ద్రవ్యరాశి దట్టంగా ఉండడం వల్ల అది బాగా మసకబారి, గెలాక్సీ సొంత వెలుగులో కలిసిపోతుంది. రేడియోలో గెలాక్సీ వెలుగు అడ్డు ఉండదు గనుక, పీఎంఎన్ జె1632-0033లో అటువంటి మూడో ప్రతిబింబాన్ని 2004లో ప్రకటించారు. గెలాక్సీల గుంపే కటకమైన ఎస్‌డీఎస్‌ఎస్ జె1004+4112లో అయితే ఐదోది కూడా దొరికింది.

రోదసి_పాఠకుడు
ఆ జె1004లో ప్రతిబింబాల ఎడం 14 ఆర్క్ సెకన్లకు పైగా ఉందని చదివాను. మరి అక్కడ కూడా మాస్టారి పరీక్ష జరిగిందా, లేక పోలికల మీదే ఆగిపోయారా?

లెక్కలమాస్టారు
జరిగింది. ఎడం పెద్దదైన కొద్దీ ఆలస్యమూ పెద్దదే, అందుకే పద్నాలుగేళ్లకు పైగా దాని ప్రకాశాన్ని వదలకుండా కొలవవలసి వచ్చింది. మొదట చేరే సి ప్రతిబింబంలోని హెచ్చుతగ్గులు డి ప్రతిబింబంలో 2458 రోజుల తర్వాత, అంటే దాదాపు ఆరేళ్ల తొమ్మిది నెలలకు మళ్లీ కనిపించాయని 2022లో ప్రకటించారు.